అరిగిన ఇనుమును చేతితో సరిచేయు విద్య

ఈ శతాబ్ది సంచికలో బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి, భవనములను గూర్చి వ్రాయువారు అనేకులు కలరు. మేము సోమందేపల్లె వంటి ఊళ్ల లేతు షెడ్డులలో పనికివచ్చు ఒక విద్యను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము. అరిగిపోయిన యంత్రపు పట్టాలను తిరిగి సరిచేయుటయే ఆ విద్య. చూచుటకు చిన్న పనే, కాని దీని వెనుక దాదాపు రెండు వందల ఏండ్ల చరిత్ర కలదు.

మా ప్రాంతము నెరుగని పాఠకులకు ఒక మాట. సోమందేపల్లె హైదరాబాదు - బెంగుళూరు రహదారిపై పెనుకొండకు, హిందూపురమునకు నడుమనున్న ఊరు. 1882లో ఏర్పడిన అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురియు మెట్ట సీమ ఇది. చెరువు నిండని ఏట బావి దిక్కు. బావి ఎండిన పిదప బోరు దిక్కు. ఊరిలో పట్టు మగ్గములు, చుట్టూ వేరుశెనగ చేలు. ఆయిలింజను బుష్ పోయినా, పంపు షాఫ్టు అరిగినా, రైతు దానిని భుజాన వేసుకొని వచ్చునది లేతు షెడ్డుకే. పైరు వాడుచుండగా అతడు వాకిట కూర్చుండును. అట్టి వేళ లేతు చేసిన తప్పు షెడ్డులో ఆగదు, పొలము దాకా పోవును.

లేతు ఎట్లు తప్పు చేయును? లేతుకు బెడ్డు ప్రాణము. దాని మీది పట్టాలపై క్యారేజి జరుగుచు పనిముట్టును మోయును. చిన్న పనులన్నీ చక్కు దగ్గరనే జరుగును గనుక పట్టాలు అక్కడనే ఎక్కువ అరుగును, ఆ చివర దాదాపు కొత్తగానే ఉండును. ముందు పట్టా అరిగినపుడు క్యారేజి మనవైపు వాలును. దానితో పనిముట్టు షాఫ్టుకు ఎడమగును. అక్కడ షాఫ్టు లావుగా మిగులును. ఒకే కోతలో తీసిన షాఫ్టు ఒక కొన సరిపోయి మరొక కొన బిగుసుకొనినదంటే, పనివాని చేతిని నిందించుటకు ముందు బెడ్డును చూడవలెను. మా గాలిలో దుమ్మెక్కువ. ఆ దుమ్ము, పోత ఇనుపపు పొడి, నూనె మూడూ కలిసినచో సానబట్టు ముద్ద వంటిదే తయారగును. తలుపు తెరచి పనిచేయు షెడ్డులో పట్టాలు త్వరగా అరుగుటకు ఇదొక కారణము.

ఇక చరిత్ర. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున మరలు కోయు లేతును ఇనుముతో పటిష్ఠముగా నిర్మించినాడు. సమతలము లేనిదే సరియైన యంత్రము లేదని ఎరిగిన ఆయన, తన కర్మాగారములో పనివారి బల్లలపై సమతల ఫలకములను ఉంచినాడు. ఆయన వద్ద పనిచేసిన జోసఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గో నగరమున బ్రిటిష్ అసోసియేషన్ సభలో లోహపు సమతలములను గూర్చి ఒక వ్యాసము చదివినాడు. అంతవరకు ఫలకములను కురువిందపు పొడి వేసి ఒకదానితో ఒకటి రుద్దెడివారు. పొడి అంతటా సమానముగా నిలువదు. ఎక్కడ ఎంత అరిగినదో చేతికి తెలియదు. రుద్దుట మాని, రంగు పూసి ఎత్తులు గుర్తించి, ఆ ఎత్తులను మాత్రమే ఉలి వంటి స్క్రేపరుతో గీకి తీయవలెనని విట్‌వర్త్ వాదించినాడు.

ఇందులో పాఠకులు గ్రహింపదగిన ఒక చక్కని యుక్తి కలదు. రెండు ఫలకములు ఒకదానితో ఒకటి చక్కగా కలిసినంత మాత్రమున అవి సమతలములు కావు. ఒకటి గుంటగాను, రెండవది దానికి సరిపడు ఉబ్బుగాను ఉండవచ్చును. మూడవ ఫలకమును తెచ్చినచో గుట్టు బయటపడును. మొదటిది రెండవదానితోను, రెండవది మూడవదానితోను, మూడవది మొదటిదానితోను, తిప్పి పెట్టినను కలిసినపుడు, మూడును సమతలములు కాక తప్పదు. అనగా సరియైన తలమును పుట్టించుటకు ముందుగా మరొక సరియైన తలము అవసరము లేదు. మూడు తప్పు ఫలకములు, ఒక స్క్రేపరు, ఓపికగల మనిషి ఉన్న చాలును.

తరువాతి కాలమున బెర్లిన్ ఆచార్యుడు గియోర్గ్ ష్లెసింగర్ 1927లో యంత్రములను పరీక్షించు నియమములను పుస్తకముగా కూర్చినాడు. లేతు స్పిండిలు బెడ్డుకు ఎంత సమాంతరముగా ఉండవలెనో, తేడా ఎంతవరకు సహింపవచ్చునో లెక్క కట్టి చెప్పినాడు. దానితో యంత్రపు మంచిచెడ్డలు మాటల మీద గాక కొలతల మీద తేలసాగినవి.

మన దేశమున హరిహర్‌లో 1941లో మైసూరు కిర్లోస్కర్, సికిందరాబాదులో 1943లో ప్రాగా టూల్స్, బెంగుళూరులో 1953లో స్విట్జర్లాండువారి ఓర్లికాన్ సహకారముతో హెచ్.ఎం.టి. నెలకొన్నవి. బటాలా, లూధియానా, రాజ్‌కోట్ పట్టణముల చిన్న కర్మాగారములు తక్కువ ధర లేతులను దేశమంతటా పంపినవి. హరిహర్ కర్మాగారము మూతపడినది, కాని ఆనాటి పోత ఇనుము నేటికిని గట్టిగానే ఉన్నది. పాత పోతలో లోపలి ఒత్తిడులు ఏనాడో చల్లారి ఉండును గనుక అది ఇక వంకర తిరుగదు. అరిగినది పైపొర మాత్రమే.

ఆ పైపొరను సరిచేయు క్రమము ఇది. మొదట యంత్రమును కడిగి, సున్నితమైన రసమట్టముతో బెడ్డు మెలిక లేకుండ నిలుపవలెను. తరువాత అరగని చోటు వెదకవలెను. టెయిల్‌స్టాకు జరుగు పట్టాలు సాధారణముగా తక్కువ అరుగును. కొలతకు అవే ఆధారము. అటుపిమ్మట సరియైన ఇనుప బద్దకు నీలిరంగును పలుచగా పూసి పట్టాపై జరిపినచో ఎత్తులకు మాత్రమే రంగు అంటును. ఆ మచ్చలను స్క్రేపరుతో గీకవలెను. ఒక గీకునకు పోవు ఇనుము తలవెంట్రుక మందములో పదవ వంతు కూడ ఉండదు. మరల తుడిచి, మరల రంగు పూసి, ఈసారి అడ్డదిశలో గీకవలెను. అంగుళము చదరమునకు పది పన్నెండు మచ్చలు సమముగా పరచుకొనునంతవరకు ఇదే పని. మచ్చల నడుమ మిగులు చిన్న గుంటలు వృథా కావు. వాటిలో నూనె నిలిచి క్యారేజి సులువుగా జరుగును.

పట్టా సూటిగా ఉన్నంత మాత్రమున పని ముగియదు. స్పిండిలులో పరీక్షా కడ్డీ బిగించి, పట్టా దానికి సమాంతరమా కాదా చూడవలెను. లేనిచో సూటిగా ఉన్న తప్పు మిగులును. పిదప క్యారేజి అడుగును కూడ పట్టాకు సరిపడునట్లు గీకవలెను. గీకినకొద్ది క్యారేజి కిందికి దిగి లీడ్‌స్క్రూతో పొందిక తప్పును. అందుకు అడుగున కంచు బద్దగాని, టర్సైట్ వంటి జారుడు పట్టీగాని అతికి పూర్వపు ఎత్తునకు తేవలెను.

అన్ని యంత్రములును ఈ శ్రమకు తగినవి కావు. కాచి గట్టిపరచిన పట్టాలపై స్క్రేపరు పనిచేయదు. వాటిని పెద్ద గ్రైండింగు యంత్రముపై ఎక్కింపవలసినదే. గేర్లు, స్పిండిలు బేరింగులు కూడ చెడిన లేతును పాత ఇనుమునకు ఇచ్చుటయే మేలు. ముందుగా కొలిచి, ఖర్చు లెక్కవేసి, ఆ తరువాతనే పని మొదలుపెట్టవలెను. మమకారము మీద పని మొదలుపెట్టినవారు సగములో విడిచిపెట్టుట మేము ఎరుగుదుము.

2019 నుండి మా పొరుగున ఎర్రమంచి వద్ద కియా కార్లు తయారగుచున్నవి. కంప్యూటరు ఆజ్ఞతో నడచు యంత్రములలో అనేకము గుండ్ల పట్టాలపై జరుగును. అరిగినచో ఆ పట్టాను మార్చివేయుదురు. అయినను అతి సున్నితమైన యంత్రములను నిర్మించువారు నేటికిని కొన్ని తలములను చేతితోనే గీకింతురు. విద్య పాతబడలేదు, నేర్చినవారు తగ్గినారు. పుస్తకములో చదివినంత మాత్రమున ఇది పట్టుబడదు. స్క్రేపరు ఎంత వాల్చవలెనో, ఎంత ఒత్తవలెనో పక్కన నిలిచి చూపువాడు కావలెను.

మా ఊళ్లలో పిల్లలు ఐ.టి.ఐ. చదివి కర్మాగారములకు పోవుచున్నారు, అది మంచిదే. వారిలో కొందరైనను ఒక ఎండకాలము పాత పనివాని పక్కన కూర్చుండి మూడు చిన్న ఫలకములను గీకి కలుపవలెనని మేము కోరుచున్నాము. ఆ పని నేర్చిన చేయి ఊరిలో ఒకటున్నచో, పంపు షాఫ్టు తెచ్చిన రైతు దానిని రెండవమారు మోసుకొని రానక్కరలేదు.