ఇఖామా అయిపోయాక

1973లో చమురు ధరలు పెరిగాక మన పాతబస్తీ సౌదీ దారి పట్టింది. అక్కడ మనిషి ఉనికంటే ఇఖామా కార్డే. ముప్పై ఏళ్లు చాకిరీ చేసినా నౌకరీతో పాటే అదీ పోయేది. పింఛను సౌదీలకే. జీతం మీద ఇన్‌కంటాక్సు లేని ఆ దేశం 2017 జూలైలో వెంటున్న బీబీ బచ్చాలకు తలకు నెలకు 100 రియాళ్ల ఫీజు వేసింది. 2020 నాటికది 400. ఉమ్మత్ ఒక్కటేనని జుమ్మాకు జుమ్మా విన్న చెవులతోనే ఈ లెక్కా వినాల్సొచ్చింది. చాలామంది ముందు ఇంటివాళ్లను పంపేశారు.

రిటైరై తామూ వస్తే ఇక్కడింకో చిట్టా. ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉన్నావా? ఎన్నారై ఖాతాను మామూలు ఖాతాగా మార్చావా? ఇవన్నీ సరే, పేరు సంగతేంటి? ఉర్దూ పేరును అరబ్బీ గుమాస్తా ఒకలా, తెలుగు గుమాస్తా మరోలా రాశారు. మొహమ్మద్, మహమ్మద్, ఎం.డి. ముగ్గురూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ తెమ్మంటారు.