రాలు ఇటుకల చరిత్ర

పులిజూదమును కనిపెట్టినవా రెవరో మన కెవరికిని తెలియదు. ప్రాచీన దేవాలయముల మండపములలో రాతినేలపై ఆ ఆట గీతలు నేటికిని కానవచ్చును. వానిని చెక్కినవారి పేర్లు ఏ శాసనములోను లేవు. వామనగుంటలకు గాని, అష్టాచెమ్మకు గాని కర్త యెవరని అడిగినవారు లేరు. ఆడుటకు అనుమతి కోరినవారును లేరు. బొగ్గుముక్కతో నేలపై నాలుగు గీతలు గీసి, గుప్పెడు చింతగింజలు తెచ్చుకొన్నచో ఆట మనది. ఇట్టి ఆటలకు చరిత్ర వ్రాయుట కష్టము. కాని కర్త పేరు, పుట్టిన యేడు, పుట్టిన యంత్రము, అమ్ముడుపోయిన లెక్క, న్యాయస్థానములో నడచిన వాదము - ఇవి యన్నియు స్పష్టముగా తెలిసిన ఆట యొకటి మన కాలముననే పుట్టినది. దాని పేరు టెట్రిస్. ఒక ఆట ఎవరి సొత్తు అను ప్రశ్నను ఇంత సూటిగా మన ముందు నిలిపిన కథ మరియొకటి నాకు తెలియదు.

నేను దానిని మొదట చూచినది 1990 తరువాతి సంవత్సరములలో, హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషనులో. అరచేతిలో ఇమిడెడు ప్లాస్టిక్ పెట్టె, బూడిదరంగు తెర, క్రింద నాలుగైదు బొత్తాములు. అమ్మువాడు దానిని బ్రిక్ గేమ్ అనెను. మా యింట అది ఇటుకలాట అయినది. దానిని ఎవరు కల్పించిరో పెట్టెపై ఎక్కడను లేదు, మేమును అడుగలేదు. తెర పైభాగమునుండి నాలుగేసి గడుల ముక్కలు ఒక్కొక్కటిగా రాలుచుండును. ఒకటి నిలువు కఱ్ఱవలె, ఒకటి చదరపు పలకవలె, మిగిలినవి వంకరలు. వానిని త్రిప్పి, ప్రక్కకు జరిపి, అడుగున ఖాళీ లేకుండ పేర్చవలెను. నిండిన వరుస మాయమగును. నిండని వరుసలు పేరుకొని పైకప్పును తాకినచో ఆట ముగియును. మా అన్నయ్యయు నేనును వంతులు వేసికొని ఆడెడివారము. మేము బడికి పోయిన వేళ అమ్మయు ఆడుచున్నదని, సెల్లులు త్వరత్వరగా అయిపోవుటచే తెలిసికొంటిమి. ఒకనాడు ఆమె లెక్క మా యిద్దరి లెక్కలను దాటినది.

ఈ ఆట 1984లో మాస్కోలో పుట్టినది. సోవియట్ విజ్ఞాన పరిషత్తుకు చెందిన కంప్యూటరు కేంద్రములో అలెక్సీ పజిత్నోవ్ అను యువకుడు పనిచేయుచుండెను. యంత్రమునకు మనుష్యుని మాటను గుర్తుపట్టుట నేర్పు పరిశోధనలో అతని ఉద్యోగము. చిక్కుప్రశ్నలపై అతని ప్రీతి. పెంటామినో అను చెక్కముక్కల ఆట అతనికి చిన్ననాటినుండి పరిచితము. అయిదేసి చదరములను అంచులు కలిపి అమర్చినచో 12 రూపములు వచ్చును. ఆ 12 ముక్కలను ఒక పెట్టెలో సందు లేకుండ పేర్చుటయే ఆ ఆట. అట్టి రూపములకు గణితశాస్త్రములో పాలియోమినో లను పేరును 1953లో అమెరికాకు చెందిన సాలమన్ గొలంబ్ పెట్టెను.

ముక్కలు తెరపై తమంత తాము రాలిన ఎట్లుండునని పజిత్నోవ్ ఆలోచించెను. అయిదు చదరముల రూపములు పండ్రెండును ఆటగాని కనులకు బరువని తోచి, నాలుగు చదరములవానికి దిగెను. ఎడమ కుడి ప్రతిబింబములను వేరుగా లెక్కించినచో అవి 7 మాత్రమే. మనుష్యుడు తడవుకొనకుండ జ్ఞాపకమున ఉంచుకొనగల సంఖ్య యది. అతని ముందున్న యంత్రము ఎలెక్ట్రానికా 60. దానికి బొమ్మలు గీయు శక్తి లేదు. అక్షరములను మాత్రమే చూపగలదు. అందుచే అతడు కుండలీకరణ చిహ్నములనే జతచేసి చదరములుగా వాడెను. మొదట మరియొక ఇబ్బంది వచ్చినది: కొన్ని క్షణములలోనే తెర నిండిపోయి ఆట ముగిసెడిది. నిండిన వరుసను తొలగించిన చోటు మిగులునుకదా యని తోచినప్పుడు ఆట పూర్తియైనది. నాలుగు అను అర్థముగల గ్రీకు పదమును, తనకు ప్రియమైన టెన్నిసును కలిపి దానికి పేరు పెట్టెను.

తరువాత డిమిట్రీ పావ్లొవ్‌స్కీ అను సహోద్యోగియు, వాడిం గెరాసిమోవ్ అను పదునారేండ్ల విద్యార్థియు తోడ్పడిరి. వారి సాయముతో ఆట ఐ.బి.ఎం. కంప్యూటరులోనికి వచ్చి రంగులు దిద్దుకొనెను. అటుపిమ్మట దానిని ఆపినవారు లేరు. ఒకరి ఫ్లాపీ పలకనుండి మరియొకరి పలకపైకి నకలు పోయినది. మాస్కో కార్యాలయములలో కంప్యూటరున్న ప్రతి చోటికి ఆట చేరినది. ఎవరును వెల అడుగలేదు. ఆ దినములలో టెట్రిస్ మన పులిజూదమువంటిదే, నేర్చినవానిది ఆట.

ఆ నకళ్ళలో ఒకటి హంగెరీ రాజధాని బుడాపెస్టు చేరినది. 1986లో లండను వ్యాపారి రాబర్ట్ స్టీన్ దాని నచట చూచి మాస్కోకు టెలెక్సు పంపెను. అనుకూలముగా వచ్చిన ప్రత్యుత్తరమునే ఒప్పందముగా భావించి, సంతకములు కాకమునుపే ఇంగ్లండు, అమెరికా కంపెనీలకు ఆ హక్కును అమ్మివేసెను. వారు ఇతరులకు, ఆ యితరులు మరియొకరికి అమ్మిరి. 1988 ముగియునప్పటికి అనేక దేశములలో అనేకులు టెట్రిస్ తమదని నమ్మి అమ్ముచుండిరి. ఆ యమ్మకముల మూలమున మాస్కోలో కర్తకు ముట్టినది శూన్యము. సోవియట్ వ్యవస్థలో తానే ఆటను అమ్ముకొను త్రోవ లేక, పజిత్నోవ్ తన హక్కులను పదేండ్లపాటు తన సంస్థకు విడిచిపెట్టియుండెను.

1989 ఫిబ్రవరిలో హెంక్ రోజర్స్ అనునతడు యాత్రికుల వీసాతో మాస్కోలో దిగెను. పుట్టుక హాలెండు, పెంపకము అమెరికా, నివాసము జపాను. అతడు జపానులో నింటెండో కంపెనీవారి ఆటపెట్టెకు టెట్రిస్‌ను ప్రచురించినవాడు. టెలివిజనుకు తగిలించి ఆడు ఇట్టి పెట్టెకే కన్సోలు అని పేరు. నింటెండోవారు త్వరలో గేమ్‌బాయ్ అను చేతిపెట్టెను విడుదల చేయనుండిరి. దానికి తగిన ఆట టెట్రిసే యని రోజర్స్ నమ్మకము. పిల్లల కొరకైన మేరియో నుంచుడు, అందరి కొరకైనచో టెట్రిస్ నుంచుడు అని కంపెనీవారికి చెప్పియుండెను. సాఫ్ట్‌వేర్ ఎగుమతులు చూచు ఎలోర్గ్ అను ప్రభుత్వ సంస్థ తలుపును పిలువని పేరంటముగా తట్టి, అధికారి నికొలాయ్ బెలికోవ్‌కు తన ఆట క్యాసెట్టును చూపెను. బెలికోవ్ ఆశ్చర్యపడెను. కన్సోలు హక్కును మేమెవరికిని అమ్మలేదే యని అతని మాట. రోజర్స్ దాచక అంతయు చెప్పి, జరిగిన అమ్మకములకు సొమ్ము చెల్లించుటకు సిద్ధపడెను. అదే భేటిలో పజిత్నోవ్ కూడ ఉండెను. నాటి పరిచయము జీవితకాల మైత్రి అయినది.

ఆ వారమే స్టీన్ కూడ మాస్కోలో నుండెను. బెలికోవ్ అతని ఒప్పందమునకు ఒక చిన్న వాక్యమును చేర్చెను: కంప్యూటరనగా తెర, డిస్కు డ్రైవు, కీబోర్డు మొదలగునవి గలది. స్టీన్ దాని లోతును గ్రహింపక సంతకము చేసెను. కీబోర్డు లేని కన్సోలు ఆ నిర్వచనములోనికి రాదు. చేతిపెట్టె హక్కు రోజర్స్‌కును, మార్చినెలలో కన్సోలు హక్కు నింటెండోకును దక్కినవి. అంతకుమునుపే కన్సోలుకు టెట్రిస్ తయారుచేసిన అటారి సంస్థవారు శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయస్థానమున కెక్కిరి. ఆ పెట్టెయు కంప్యూటరే యని వారి వాదము. 1989 జూనులో తీర్పు నింటెండోవైపు మ్రొగ్గినది. అటారివారి టెట్రిస్ అంగళ్ళనుండి తొలగినది. గేమ్‌బాయ్ టెట్రిస్ ప్రతులు 3 కోట్ల 50 లక్షలు లోకమంతట వ్యాపించినవి.

కర్త మాటయేమి? పజిత్నోవ్ 1991లో అమెరికాకు తరలిపోయెను; ఆ యేడే సోవియట్ యూనియను అంతరించెను. పదేండ్ల గడువు తీరి 1996లో హక్కులు చేతికి వచ్చినపుడు, రోజర్స్‌తో కలిసి టెట్రిస్ కంపెనీని స్థాపించెను. ఆట పుట్టిన పండ్రెండేండ్లకు గాని దాని ప్రతిఫలము అతనికి అందలేదు. నకళ్ళు చేతులు మారనిచో ఆ ఆట మాస్కో దాటెడిది కాదు; హక్కు అనునది లేనిచో అతనికి ఎన్నటికిని పైసా ముట్టెడిది కాదు. ఈ రెండును నిజములే.

ఇక ఆట స్వభావమును గూర్చి ఒక మాట. టెట్రిస్‌లో గెలుపు లేదు. ఎంతసేపు నిలుతుమన్నదే లెక్క. వంకర ముక్కలు రెండును ఒకదాని వెనుక నొకటి వచ్చుచునే యున్నచో ఎంతటి నేర్పరియైనను చివరకు ఓడితీరునని 1997లో హైడీ బర్గీల్ అను గణితవేత్త నిరూపించెను. ఆడి పడుకొన్న రాత్రి కనురెప్పల వెనుక ముక్కలు రాలుట నా అనుభవమున కలదు. అది నా పిచ్చి యనుకొంటిని. కాదట. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ 2000లో ప్రకటించిన పరిశోధనలో, జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఐదుగురిచే ఈ ఆట ఆడించిరి. తాము ఆడితిమను సంగతినే వారు మరచిరి. అయినను వారిలో ముగ్గురు, నిదురపట్టు వేళ ముక్కలు రాలుట చూచితిమని చెప్పిరి. బుద్ధి మరచినదానిని కన్ను మరువలేదు. 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేండ్ల బాలు డొకడు 1989 నాటి నింటెండో టెట్రిస్‌ను 157వ అంతస్తువరకు ఆడగా, యంత్రమే కదలక నిలిచిపోయినది. ఒక మనుష్యుడు అట్లు యంత్రమును అలయించుట అదియే మొదటిసారి. ముప్పదినాలుగేండ్ల పాత ఆటలో ఆ బాలునికి క్రొత్తదనము మిగిలియున్నది.

సాయంకాలము పని ముగిసిన పిదప ఒక గంట కన్సోలు ముందు కూర్చుండుట నాకు నేటికిని అలవాటు. 2018లో వచ్చిన టెట్రిస్ ఎఫెక్ట్ అను ఆటలో పాత ముక్కలే సంగీతముతోను వెలుగులతోను కలిసి రాలును. 2019లో వచ్చిన టెట్రిస్ 99లో తొంబదితొమ్మండ్రు ఒక్కసారిగా పోటీపడుదురు. నేను తొలి యేబదిమందిలో నిలిచిన దినము ఇంట పండుగయే. ఆ 2019లోనే ఫిన్లండువాసి ఆర్వి టైకారి రచించిన బాబా ఈజ్ యూ వచ్చినది. అందులో ఆట నియమములే మాటలుగా తెరపై పడియుండును. గోడ అడ్డము అని యున్నచో గోడ ఆపును. అడ్డము అను మాటను నెట్టివేసినచో గోడగుండ నడచిపోవచ్చును. ఒక్కొక్క చిక్కు నన్ను మూడు రాత్రులు నిలిపినది. దాని పూర్వీకురాలు 1982 నాటి జపాను ఆట సోకోబాన్. గోదాములో పెట్టెలను నెట్టుటయే గాని లాగుట లేని ఆట యది. యంత్రములు మారినను ఆలోచన వాడిపోకుండుట చిక్కుముడి ఆటలలోనే ఎక్కువగా చూచితిని.

కాని ఆలోచన వాడకున్నను ఆట అదృశ్యము కావచ్చును. కొన్ని యేండ్ల క్రిందట తెరపై కనబడు అంగడిలో వెల చెల్లించి ఒక చిన్న చిక్కుముడి ఆటను కొంటిని. పాత యంత్రము చెడి క్రొత్తది కొన్న పిమ్మట ఆ ఆటను మరల తెచ్చుకొనబోగా, ఆ అంగడి మూతపడినదని తెర చెప్పెను. రసీదు నా కడ కలదు, ఆట లేదు. ఇది నా యొక్కని కష్టము కాదు. అమెరికాలో వీడియో ఆటల చరిత్రను భద్రపరచుటకై ఏర్పడిన సంస్థ 2023లో ఒక లెక్క ప్రకటించెను. ఆ దేశములో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవట. ఆ ఆటల కర్తలు మనకు పేరుపేరున తెలియుదురు; ఆటలు మాత్రము చేతికందవు. పులిజూదమునకు కర్త పేరు పోయి ఆట మిగిలినది. వీనికి పేరు మిగిలి ఆట పోవుచున్నది.

కర్తకు ఫలము దక్కవలెననుట న్యాయము. అమ్మకము మానినవారు ఆ ఆటను గ్రంథాలయములకైనను అప్పగించుటయు న్యాయమే. తాళపత్రములను ఇంటింట వెదకి తెచ్చి భద్రపరచిన పెద్దలను మనము గౌరవింతుము. యంత్రపుటాటలకు అట్టి సేవ ఇంకను చాలినంత లేదు.

మొన్న సంక్రాంతికి ఊరినుండి వచ్చిన మా అన్నయ్య కూతురు పాత ట్రంకుపెట్టెలో ఇటుకలాటను కనుగొన్నది. సెల్లులు మార్చి బొత్తాము నొక్కగా, తెర వెలిగినది. నియమము చెప్పవలసిన పని కలుగలేదు. రెండు నిముషములలో అదియే గ్రహించినది. అమ్మ కండ్లద్దములు సవరించుకొని, తరువాతి వంతు తనదనెను. మీ యిండ్లలోను ఇట్టి పెట్టె ఏ సొరుగులోనో పడియుండవచ్చును. దానిని పాతసామానుల వానికి వేయకుడు. సెల్లులు మార్చి, ఇంటనున్న పిల్లలచేతి కిండు.