పెట్టె మీద మిగిలిన పేరు

మాది ఆమదాలవలస. రైల్లో వచ్చేవాళ్ళకి మాత్రం అది "శ్రీకాకుళం రోడ్". స్టేషనుకి రైల్వేవాళ్ళు పక్కూరి పేరు పెట్టేశారు మరి! అందుకేనేమో, ఎక్కడైనా ఊరి పేర్ల గొడవ వస్తే నేను చెవులు రిక్కిస్తాను.

పదిహేడో శతాబ్దంలో మావైపు గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడి. వాళ్ళ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మసీదు శ్రీకాకుళంలో ఇప్పటికీ ఉంది. స్కూల్లో మాచేత ఆ నవాబుల పేర్లు బట్టీ కొట్టించారు గానీ, వాళ్ళ కాలంలో బొమ్మలేసినవాళ్ళ పేరు ఒక్కటీ చెప్పలేదు. చెప్దామన్నా చాలామంది సంతకమే చెయ్యలేదు.

చేసిన కొద్దిమందిలో ఒకాయన రహీం దక్కనీ. ఆయన సంతకం ఉన్న చిన్న పెట్టె లండన్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. 1660-80 మధ్యదంటారు. పెట్టె మీద ఆడవాళ్ళూ మగవాళ్ళూ, వాళ్ళ వెనక చెట్లూ చేమలూ. చూడగానే ఇరాన్ పనితనం అనిపిస్తుంది. ఇస్ఫహాన్ చిత్రకారులు యూరప్ అచ్చుబొమ్మలు చూసి వెలుగునీడలు వెయ్యడం నేర్చుకున్నారు. ఆ పద్ధతి గోల్కొండకీ చేరింది. అందులో వింతేం లేదు. రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడ ఇరానీ వర్తకులున్నారు, డచ్చివాళ్ళున్నారు, 1611 నుంచీ ఇంగ్లీషువాళ్ళూ ఉన్నారు.

మరి ఈయన "దక్కనీ" అని ఎందుకు రాసుకున్నట్టు? దక్కనులో ఉన్నవాళ్ళంతా దక్కనీలే కదా! ఇది నా ఊహ మాత్రమే: బొమ్మ చూసినవాడు "ఇది ఇరాన్ వాడిది" అనేస్తాడని, "కాదు బాబూ, నేనిక్కడివాణ్ణే" అని చెప్పుకున్నాడేమో. ఆమదాలవలసలో ఎవరూ నన్ను ఆంధ్రావాడా అని అడగలేదు. ఆన్‌సైట్‌కి వెళ్ళాకే ఆ పేరు నాకు అవసరమైంది. మీకూ అంతేగా?

1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు. బొమ్మలేయించుకునే దర్బారే లేకుండా పోయింది. రహీం ఎక్కడ పుట్టాడో, ఎలా పోయాడో రాసిపెట్టినవాళ్ళు లేరు. ఆయన జీవితచరిత్ర మొత్తం ఆ రెండు మాటలే: ఒకటి పేరు, ఇంకోటి ప్రాంతం.

మనం రాసే కోడ్‌లో కనీసం ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో నమోదవుతుంది. అది కూడా సర్వర్ మార్చేదాకానే. ఈయన పేరు మూడొందల ఏళ్ళు దాటి నిలిచింది. ఎందుకంటే, పని మీదే రాసుకున్నాడు.