స్థానిక సంస్థలు - విపత్తు నిర్వహణ

తుపాను, వరద, అగ్నిప్రమాదం, విషవాయువు లీకు వంటి విపత్తుల నుండి ప్రజలను కాపాడుటకు గ్రామ పంచాయితీలు, మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘాలు, నగర పాలక సంస్థలు ముందుగా చేసుకొనే ఏర్పాట్లను, విపత్తు వేళ చేపట్టే చర్యలను '''స్థానిక సంస్థల విపత్తు నిర్వహణ''' అంటారు. బయటి నుండి సహాయక దళాలు చేరడానికి కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు పడుతుంది. అంతవరకు బాధితులకు అందుబాటులో ఉండేది ఇరుగుపొరుగువారు, స్థానిక సంస్థల సిబ్బంది మాత్రమే.

== చట్టపరమైన ఆధారం ==

భారతదేశంలో ఈ బాధ్యతలకు ప్రధాన ఆధారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. దీని ప్రకారం ప్రతి జిల్లాలో ఒక విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఉంటుంది. కలెక్టరు దీనికి అధ్యక్షుడు కాగా, స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షుడు. చట్టంలోని 41వ సెక్షను స్థానిక సంస్థలకు నాలుగు ముఖ్య విధులను నిర్దేశించింది.

* అధికారులకు, ఉద్యోగులకు విపత్తు నిర్వహణలో శిక్షణ ఇప్పించడం
* అవసరమైన సామగ్రిని తక్షణ వినియోగానికి సిద్ధంగా ఉంచడం
* తమ పరిధిలోని నిర్మాణాలు నిర్ణీత ప్రమాణాలకు లోబడి ఉండేటట్లు చూడడం
* రాష్ట్ర, జిల్లా ప్రణాళికలను అనుసరించి సహాయ, పునరావాస, పునర్నిర్మాణ పనులు చేపట్టడం

ఇవి కాక 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో అగ్నిమాపక సేవలు పురపాలక సంస్థలకు అప్పగించదగిన అంశాలలో ఒకటిగా ఉన్నాయి. 2025లో చేసిన చట్ట సవరణ, రాష్ట్ర రాజధానులకు, నగర పాలక సంస్థ ఉన్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలను ఏర్పాటు చేయుటకు వీలు కల్పించింది.

== ముందస్తు ప్రణాళిక ==

మంచి ప్రణాళిక గ్రామపటంతో మొదలవుతుంది. పల్లపు ప్రాంతాలు, బలహీనమైన చెరువు కట్టలు, పూరిళ్ళు, మెరక మీద ఉన్న పక్కా భవనాలు, ఊరి బయటకు పోయే దారులు అందులో గుర్తించి ఉంచుతారు. గర్భిణులు, వృద్ధులు, వికలాంగులు, మంచాన పడ్డ రోగులు ఏ ఇంటిలో ఉన్నారో జాబితా తయారు చేస్తారు. పడవలు, ట్రాక్టర్లు, జనరేటర్లు, చెట్లు కోసే యంత్రాలు ఎవరివద్ద ఉన్నవో వ్రాసి ఉంచుతారు. వర్షాకాలానికి ముందు మురుగు కాలువలలో పూడిక తీయించడం, తుపాను రక్షణ భవనాలకు మరమ్మతులు చేయించడం కూడా ఇందులో భాగమే.

== విపత్తు సమయంలో ==

భారత వాతావరణ శాఖ తుపాను సమాచారాన్ని నాలుగు దశలలో ఇస్తుంది. మొదటిది సుమారు 72 గంటల ముందు, రెండవది కనీసం 48 గంటల ముందు, మూడవది కనీసం 24 గంటల ముందు వెలువడతాయి. నాలుగవది తీరం దాటుటకు కనీసం 12 గంటల ముందు వెలువడి, తీరం దాటిన తరువాత ఏర్పడగల పరిస్థితిని తెలుపుతుంది. ఈ సమాచారాన్ని మైకు ద్వారా, దండోరా ద్వారా ఇంటింటికీ చేర్చడం, వేటకు పోయిన మత్స్యకారులను వెనుకకు రప్పించడం, ప్రజలను పునరావాస కేంద్రాలకు తరలించి ఆహారం, నీరు, దీపాలు సమకూర్చడం స్థానిక యంత్రాంగం పని.

విపత్తు అనంతరం మొదటి పని దారులపై పడిన చెట్లను తొలగించడం. తరువాత నీటి వనరులలో క్లోరిన్ కలపడం, బ్లీచింగ్ పొడి చల్లించడం, పశుకళేబరాలను పూడ్చడం అత్యవసరం. ఇవి ఆలస్యమైతే కలరా, అతిసారం వంటి వ్యాధులు ప్రబలుతాయి.

== ఆంధ్ర ప్రదేశ్ అనుభవాలు ==

1977 నవంబరు 19న సంభవించిన దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించారు. తుపాను వస్తున్నదని తెలిసినా, ఉప్పెన తీవ్రత గురించిన హెచ్చరిక తీర గ్రామాలకు సకాలంలో చేరలేదు. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం సమీపంలో మరొక తీవ్రమైన తుపాను తీరం దాటినపుడు లక్షకు పైగా ప్రజలను ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపునకు పరిమితమైంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినపుడు విద్యుత్తు నిలిచిపోవడంతో నీటి సరఫరా కూడా స్తంభించింది. పంపులకు ప్రత్యామ్నాయ విద్యుత్తు ఎంత అవసరమో ఈ ఘటన తెలియజేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. డ్రోన్ల ద్వారా కూడా ఆహారం అందించారు. నీరు తీసిన తరువాత ఇళ్ళలోని బురదను అగ్నిమాపక శకటాలతో కడిగించారు.

== ఇతర దేశాలలో ==

జపానులో 1959 నాటి ఇసే అఖాత తుపాను తరువాత 1961లో చేసిన చట్టం ప్రకారం ప్రజలను ఖాళీ చేయమని ఆదేశించే అధికారం పురపాలక మేయరుదే. బ్రిటనులో 2004 నాటి చట్టం స్థానిక మండళ్ళను పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సేవలతో సమానంగా మొదటి శ్రేణి స్పందన సంస్థలుగా పేర్కొన్నది.

== సమస్యలు ==

భారతదేశంలో విపత్తు నిధులు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వం, కలెక్టరు ద్వారా ఖర్చవుతాయి. బాధ్యత పంచాయితీకి ఉన్నా, సొంత ఆదాయం స్వల్పం కావడం వలన సామగ్రి కొనుగోలు, శిక్షణ వెనుకబడుతున్నాయి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్ర విపత్తు నిధులలో 20 శాతాన్ని నష్ట నివారణ పనులకు కేటాయించవలసినదిగా సూచించింది. చెరువులు, వాగుల ఆక్రమణలను అరికట్టకపోవడం మరొక లోపం. భవన నిర్మాణ అనుమతులు ఇచ్చేది స్థానిక సంస్థలే గనుక, వరద నివారణ చాలావరకు ఆ అనుమతుల దశలోనే ఆరంభం కావలసి ఉంటుంది. ఎన్నడూ సాధన చేయని ప్రణాళిక కాగితానికే పరిమితమౌతుంది కనుక ఏటా మాక్ డ్రిల్ నిర్వహించడం అవసరం.

== ఇవి కూడా చూడండి ==

* దివిసీమ ఉప్పెన
* హుద్‌హుద్ తుపాను
* పంచాయితీ రాజ్
* జాతీయ విపత్తు స్పందన దళం