కారు నడకను దిద్దిన కాలము

గుఱ్ఱపుబండినుండి సంక్రమించిన కమాను పట్టీలును, కుడియెడమ చక్రములను ఒక్కటిగా బిగించు ఉక్కు ఇరుసును 1920ల చివరివరకు అమెరికా కార్లలో చాలవరకు యథాతథముగా నిలిచియుండుటయే గాక, ముందు స్ప్రింగులు బిరుసుగాను వెనుకవి మెత్తగాను ఉండవలెనన్న ఆచారము సైతము సాగుచుండెను. అట్టి బండి గతుకుల బాటపై ముందువెనుకలకు తూగుచు, వెనుక కూర్చున్నవారిని సీటునుండి ఎగురవైచెడిది.

రోల్స్ రాయిస్ సంస్థలో చిరకాలము పనిచేసి, 1930లో డెట్రాయిట్‌లోని కాడిలాక్‌కు చేరిన బ్రిటిష్ ఇంజనీరు మారిస్ ఆలీ ఈ ఆచారమును కూకటివ్రేళ్లతో కదలించెను. 1932లో అతడును సహచరులును ఏడుగురు కూర్చుండదగిన లిమోజీన్ నొకదానిని ప్రయోగమునకు సిద్ధపఱచి, దానిపై బరువులను అటునిటు జరుపుచు, ముందువెనుక స్ప్రింగుల వంపును మార్చుచు నడిపి చూచిరి. ప్రయాణసుఖమును కొలుచుటకు వారు పరికరమేదియు వాడలేదు. ఏ అమరికలో కుదుపు తగ్గి సుఖము కలిగెనో తమ్ము తామే ప్రశ్నించుకొనిరి. దేహానుభవమునే సాక్షిగా నిలుపుకొన్న ఈ పరిశోధన నాకు మిక్కిలి గౌరవాస్పదముగా తోచును.

వారికి దొరకిన సమాధానము ఆచారమునకు కేవలము విరుద్ధము: మెత్తన ముందుండవలెను, బిరుసు వెనుక నుండవలెను. మిట్టను ముందుచక్రము మొదట తాకును. వెనుకచక్రము క్షణమాత్రము ఆలస్యముగా తాకును. వెనుక స్ప్రింగు ఊపు కొంచెము వడిగలదైనచో ఆ ఆలస్యమును పూడ్చుకొని ముందుదానిని కలిసికొనును. అంతట బండి తూగుట మాని, సమతలముగా లేచి సమతలముగా దిగును.

అయితే మెత్తని స్ప్రింగులపై నిలిపిన గట్టి ఇరుసుతో ముందుచక్రములు గజగజ వణకి, స్టీరింగు చేతికి లొంగకుండెను. కావున ఆ ఇరుసునే తొలగించి, చక్రములను దేనికది విడిగా కదలునట్లు అమర్పవలసివచ్చెను. ఐరోపాలో లాన్సియా లాంబ్డా 1922లోనే ఈ త్రోవ త్రొక్కినది. జనరల్ మోటార్స్ కార్లలో ఇది 1934 మోడళ్లతో ప్రవేశించెను.

సుఖమును వెదకినవారికి మలుపుల మర్మమును బోధపడినది. మెత్తని స్ప్రింగుల బండి మలుపులో ఒక ప్రక్కకు ఒరుగును; ఆ ఒరుగును ఆపుటకు ముందు అడ్డుకడ్డీని బిగించినచో వెలుపలి ముందు టైరుపై భారము హెచ్చి, ముందుభాగమే మొదట పట్టు సడలును; వెనుక బిగించినచో తోక జాఱును. నేటికిని మెకానిక్కులు కడ్డీ మార్చి, స్ప్రింగు మార్చి కారు నడకను దిద్దునది ఈ లెక్కతోడనే. 1953 నాటి కార్వెట్ స్పోర్ట్స్ కారునకు చట్రమును రచించునపుడు ఆలీ ముందు సస్పెన్షనునకు గ్రహించినవి చాలవరకు షెవర్లే వారి సంసారపక్షపు కారునందలి భాగములే.