పండుగ బొమ్మలు – పసివారి రంగులు

సెలవు దినములలో పిల్లల చేతికి గీతబొమ్మ గల కాగితమిచ్చి రంగులు నింపుమనుట నేడు ఇంటింట వాడుక. ఈ కాగితపు చరిత్ర మిక్కిలి పాతది గాదు. 1880 ప్రాంతమున న్యూయార్కులో మెక్‌లాఫ్లిన్ సోదరులు కేట్ గ్రీనవే బొమ్మలతో ఇట్టి పుస్తకమును ప్రకటించిరి. దానికి నీటిరంగులు, కుంచె కావలెను; నాలుగేండ్ల బిడ్డకు కుంచె లొంగునా? 1903లో బిన్నీ అండ్ స్మిత్ వారు 8 మైనపు రంగుకడ్డీల పెట్టెను 5 సెంట్లకు అమ్మజొచ్చిరి. అప్పటినుండి పిడికిట పట్టి రుద్దు పసివానికిని రంగు అందినది.

కాని పెద్దలు గీసిన గీతలో పిల్లలు రంగు నింపుట మన వాకిళ్లకు క్రొత్త గాదు. సికింద్రాబాదున మెట్టుగూడ రైల్వే కుటుంబముల పేట. 1874లో వాడి నుండి రైలు వచ్చిన పిమ్మట ఈ ప్రాంతమునకు కొలువులకై పలు సీమలవారు చేరిరి. అట్టిచోట బొమ్మ గీయువారు ఒక్క పండుగనే తలచిన చాలదు. సంక్రాంతి ముగ్గు, బతుకమ్మ, క్రిస్మసు నక్షత్రము, మూడును ఆ పేట పిల్లలవే.

వీనిలో వయసుల మెట్లను చక్కగా చూపునది ముగ్గు. మూడేండ్లది గొబ్బెమ్మపై పూరేకులు చల్లును. కొంత యెదిగినది గడులలో పసుపు కుంకుమలు నింపును. ఎనిమిదేండ్ల పిల్లకు చుక్కలు పెట్టు పని అప్పగింతురు, ఇది లెక్క. నడిమి వరుసలో 5 పెట్టి, ఇరుప్రక్కల 3 వచ్చువరకు సందుచుక్కలు పెట్టిన మొత్తము 19; 7 నుండి 4 వరకైన 37; 15 నుండి 8 వరకైన ఏకముగా 169! ఒక్క చుక్క తప్పిన పద్మము కుదురదు. చుక్కలను కలుపుట వచ్చిన పిదపగాని, వానిని చుట్టి తిరుగు మెలికల ముగ్గు చేతికి రాదు.

అచ్చుబొమ్మలవారు ఈ క్రమమును మరచుచున్నారు. అన్ని వయసులకు గీత వారే గీసి యిచ్చుటచే బాలిక యెంత పెరిగినను నింపుడుపనియందే నిలిచిపోవును. మేడల నివాసములలో వాకిలి లేనివారికి ఈ నష్టము మరింత హెచ్చు. కావున చిన్నవారికి దళసరి గీతతో ఒక గొబ్బెమ్మ చాలును. ఆరేండ్లవారికి ఐదుకొనల నక్షత్రము, ఆపై బతుకమ్మ వరుసలు తగును. తంగేడు పసుపుపచ్చనిది, గునుగుపూలకు మనమే రంగులద్దుదుము గనుక అచట పిల్లల యిష్టమే శాసనము. పదేండ్లు దాటినవారికి చుక్కలు మాత్రమే ఈయవలెను. మగపిల్లలకు ముగ్గేలయనువారు కాగితముపైనైన ఊరకుందురు గాక!

కనుమనాటి రథము గీసినపుడు త్రాటిని కాగితపు అంచువరకు తెచ్చి విడువవలెను. ప్రక్కింటి పిల్ల తన కాగితమును ఆనించి దానిని సాగించుకొనును.