పాత డిస్కు ఆకలి

మా పాత కంప్యూటరు కన్నుమూసిందనగానే నా గుండె గుభేలుమంది, నా నవలల కోసం కాదు, అమ్మ పాటల కోసం. 2011లో ఆవిడ చేత మంగళహారతులన్నీ పాడించి అందులోనే దాచాను. అమ్మ ఇప్పుడు లేదు.

మావాడు పెట్టె విప్పి హార్డ్ డిస్కు పైకి తీశాడు. ల్యాప్‌టాప్ డిస్కు కోసం ఎప్పుడో కొన్న తీగ ఉంటే దానికి తగిలించాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "ఇదీ పోయిందమ్మా" అన్నాడు. పాత సామాన్లవాడికి వేయడానికి నాకు మనసొప్పలేదు. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. ఏది అర్థం కాకపోయినా వెనక్కి వెళ్ళి చూడటం ఒక్కటే నాకు తెలిసిన విద్య.

1956లో అమెరికాలోని శాన్‌హోసేలో ఐ.బి.ఎమ్. వారు తయారుచేసిన మొదటి డిస్కు యంత్రం మన బీరువాల కంటే పెద్దది. బరువు టన్ను పైమాటే. లోపల రెండేసి అడుగుల వెడల్పున్న పళ్ళేలు 50, ఒకదాని మీద ఒకటి, నిమిషానికి 1200 చుట్లు తిరిగేవి. ఇంత హంగామా చేసి అది దాచుకునేది 50 లక్షల అక్షరాలు! నా నవలలు ఓ పదిహేను పట్టేవేమో. దాన్ని అద్దెకిచ్చేవారట కూడాను.

1980లో సీగేట్ వారు దాదాపు అన్ని అక్షరాలనే అయిదుంబావు అంగుళాల డిస్కులో ఇమిడ్చారు. 1983లో స్కాట్లండుకు చెందిన రోడైమ్ కంపెనీ మూడున్నరకు దించింది. మన బల్లమీది కంప్యూటర్లలో ఉండేది ఆ కొలతే. 1988లో రెండున్నర అంగుళాలది వచ్చింది. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటర్లకు అది సరిపోయింది.

కిటుకంతా ఇక్కడే ఉంది. చిన్న డిస్కుకి 5 వోల్టులు చాలు, యు.ఎస్.బి. తీగే ఆ కరెంటు అందిస్తుంది. పెద్దదాని మోటారు తిరగాలంటే 12 వోల్టులు కావాలి. 2003 ప్రాంతంలో సాటా పద్ధతి వచ్చాక రెండింటి మూతులూ ఒకేలా ఉంటున్నాయి, అందుకే మావాడు మోసపోయాడు. మూతి కుదిరినంత మాత్రాన కడుపు నిండుతుందా?

గోడ ప్లగ్గు నుంచి విడిగా కరెంటు తీసుకునే అడాప్టరు తెప్పించాం. డిస్కు గుర్రుమంటూ లేచింది! (ఇలాంటప్పుడు ల్యాప్‌టాప్ "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగితే పొరపాటున కూడా అవుననకండి, అంతా తుడిచిపెట్టేస్తుంది.) తిరిగే పళ్ళేనికీ, దాన్ని చదివే తలకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ కూడా ఉండదట. అందుకని కాపీ అయ్యేదాకా ఎవరినీ బల్ల దరిదాపులకు రానివ్వలేదు.

మొదటి ఫైలు తెరిచాను. ముందు చిన్న దగ్గు. తరవాత, "ఏమే, నొక్కావా? మొదలెట్టనా?" అంటూ అమ్మ గొంతు.